పాఠం: ఇంట్లో ఒక చిన్న మొగ

పిల్లలూ, నీళ్ళు ఎన్ని రకాలు? మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు అని వెంటనే చెప్పేస్తారు కదూ! ఈ రెండింటికీ మధ్యలో ఇంకో రకం ఉంది. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. గోదావరి పాయ ఒకటి అంతర్వేది దగ్గర ఇలాగే సముద్రంలో కలుస్తుంది. అక్కడి నీళ్ళు నది అంత చప్పగా ఉండవు, సముద్రమంత ఉప్పగానూ ఉండవు. సూళ్ళూరుపేట దగ్గర ఉన్న పులికాట్ సరస్సులో కూడా ఇలాంటి నీళ్ళే. వీటినే బ్రాకిష్ వాటర్ అంటారు. మనం ఈ పాఠంలో కలగలుపు నీళ్ళు అందాం.

చేపకి ఉప్పుతో ఏం పని?

మంచినీటి చేప ఒంట్లోకి నీళ్ళు వాటంతట అవే చొరబడతాయి. అందుకే అది నీళ్ళు తాగదు, ఒంటేలు మాత్రం ఎక్కువ పోస్తుంది. సముద్రపు చేపకి దీనికి తిరకాసు. దాని ఒంట్లోని నీళ్ళు బయటికి పోతూ ఉంటాయి. అందుకని అది సముద్రపు నీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి పంపేస్తుంది. గోదావరి పులస సముద్రంలోంచి వానాకాలంలో నదిలోకి ఎదురీదుతూ వస్తుంది కాబట్టి రెండు పనులూ చేయగలదు. చాలా చేపలు అలా మారలేవు.  అందుకే ముందు నీళ్ళు, తర్వాతే చేపలు.

ఏమేం కావాలి?

75 లీటర్ల గాజు తొట్టి, ఫిల్టర్, హీటర్, థర్మామీటర్, పగడపు ఇసుక, సముద్రపు చేపల కోసం అమ్మే ఉప్పు, హైడ్రోమీటర్, నీళ్ళ పరీక్ష కిట్. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వంటివి అందులో సరిపడా ఉండవు. కరెంటు పనులు మాత్రం అమ్మానాన్నలనే చేయమనండి.

ఎలా చేయాలి?

1. ఇసుక కడిగి తొట్టిలో పరవండి. రాళ్ళు అమర్చండి.
2. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు కలపండి.
3. బకెట్లో నీళ్ళకి లీటరుకి సుమారు 3 గ్రాముల ఉప్పు కలిపి, పూర్తిగా కరిగాక తొట్టిలో పోయండి.
4. హైడ్రోమీటర్ చూడండి. మంచినీళ్ళకి 1.000, సముద్రానికి సుమారు 1.025 చూపిస్తుంది. మనకి మొదట 1.002 చాలు.
5. ఫిల్టర్, హీటర్ పెట్టించండి. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉండాలి.

ఇప్పుడు ఆగాలి!

ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. చేపల మలం, మిగిలిన తిండి కుళ్ళితే అమోనియా పుడుతుంది. అది చేపలకి విషం. ఫిల్టర్‌లో పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ వల్ల హాని తక్కువ. ఆ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు రోజూ చిటికెడు చేపల తిండి వేస్తూ ఉండండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే చేపల్ని తెచ్చుకోవాలి.

పసుపు, నలుపు చారలుండే బంబుల్‌బీ గోబీలు ఆరు తెచ్చుకోవచ్చు. అవి మీ వేలంత కూడా ఉండవు! వచ్చాక వారానికి 0.001 చొప్పున ఉప్పు పెంచుతూ 1.005 దగ్గర ఆపండి.

ఉప్పు ఎక్కడికీ పోదు

కొన్ని రోజులకి తొట్టిలో నీళ్ళు తగ్గుతాయి. ఏ నీళ్ళు పోయాలి? ఉప్పు కలిపినవి అనుకుంటున్నారా? కాదు! నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఉప్పు అక్కడే ఉండిపోతుంది. చినగంజాంలో ఉప్పు మళ్ళలో ఉప్పు పండేది కూడా ఇలాగే. కాబట్టి తగ్గిన నీళ్ళకి బదులుగా క్లోరిన్ తీసిన మంచినీళ్ళు పోయాలి. కానీ వారానికోసారి తొట్టిలో నాలుగో వంతు నీళ్ళు తీసి మార్చేటప్పుడు ఉప్పు కూడా వాటితో పోతుంది. అప్పుడు మాత్రం అంతే ఉప్పు కలిపిన నీళ్ళు పోయాలి.

ఎప్పుడైనా చేపల్ని పెంచలేకపోతే దుకాణంలో తిరిగి ఇచ్చేయండి. మీ ఊరి వాగులో వదలకండి. అవి అక్కడివి కావు. వాటికీ, అక్కడి చేపలకీ కూడా ముప్పే.

ఆలోచించి చెప్పండి

1. తొట్టిలో 60 లీటర్ల నీళ్ళు పడితే, మొదట ఎన్ని గ్రాముల ఉప్పు కావాలి?
2. నీళ్ళు తగ్గిన ప్రతిసారీ ఉప్పునీళ్ళే పోస్తే హైడ్రోమీటర్ అంకె పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?
3. మీరుండే చోటికి దగ్గర్లో నది సముద్రంలో కలిసే చోటు ఏది? అమ్మనో నాన్ననో అడిగి, దాని గురించి మూడు వాక్యాలు రాయండి.