95వ అకాడమీ పురస్కారాలు

95వ అకాడమీ పురస్కారాలు (వాడుకలో ఆస్కార్ అవార్డులు) 2022వ సంవత్సరపు చలనచిత్రాలకు గాను 2023 మార్చి 12, ఆదివారం నాడు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో, హాలీవుడ్‌లోని డాల్బీ థియేటరులో ప్రదానం చేయబడినవి. అక్కడ సాయంత్రం 5 గంటలకు ఉత్సవం ప్రారంభమైనది. భారత కాలమానం ప్రకారం అది 13వ తేదీ సోమవారం ఉదయం 5.30 గంటలు. జిమ్మీ కిమ్మెల్ మూడవసారి వ్యాఖ్యాతగా వ్యవహరించినాడు. మొత్తం 23 విభాగాలలో పురస్కారాలు ఇవ్వబడినవి. 11 నామినేషన్లు పొందిన "ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్" 7 పురస్కారాలతో అగ్రస్థానంలో నిలిచినది.

తెలుగు చిత్రం "ఆర్.ఆర్.ఆర్."లోని "నాటు నాటు" పాటకు ఉత్తమ మౌలిక గీతం పురస్కారం ఈ ఉత్సవంలోనే లభించినది. ఒక తెలుగు పాట ఈ విభాగంలో నామినేషన్ పొందడం గాని, గెలవడం గాని ఇదే ప్రథమం.

ఎంట్రీ, షార్ట్‌లిస్ట్, నామినేషన్

ఈ మూడు మాటలను మన పత్రికలు తరచుగా ఒకదాని బదులు మరొకటి వాడుతుంటాయి. "ఆస్కార్‌కు నామినేట్ అయిన చిత్రం" అని వ్రాసినప్పుడు చాలా సందర్భాలలో అది దేశం పంపిన ఎంట్రీ మాత్రమే అయి ఉంటుంది. ఈ తేడా తెలియనిదే 95వ ఉత్సవంలో ఆర్.ఆర్.ఆర్. స్థానం అర్థం కాదు.

అంతర్జాతీయ కథాచిత్రం విభాగానికి ఒక్కొక్క దేశం ఏడాదికి ఒక్క చిత్రాన్నే పంపవచ్చును. మన దేశం తరఫున ఆ ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. 2022లో ఆ సంస్థ పాన్ నళిన్ దర్శకత్వం వహించిన గుజరాతీ చిత్రం "ఛెల్లో షో"ను ఎన్నుకొన్నది. ఆర్.ఆర్.ఆర్.ను పంపలేదని తెలుగునాట నిరసన వ్యక్తమైనది. ఆ సంవత్సరం 92 దేశాల చిత్రాలు ఈ విభాగంలో పోటీకి అర్హత పొందగా, 2022 డిసెంబరు 21న ప్రకటించిన 15 చిత్రాల షార్ట్‌లిస్ట్‌లో ఛెల్లో షోకు చోటు దొరికినది. చివరి అయిదింటిలో మాత్రం దొరకలేదు. భారతదేశం పంపిన చిత్రాలలో ఆ చివరి మెట్టు వరకు వెళ్ళినవి "మదర్ ఇండియా", "సలామ్ బాంబే", "లగాన్" అనే మూడు మాత్రమే. తెలుగు నుండి పంపబడినది కె. విశ్వనాథ్ "స్వాతిముత్యం" (1986) ఒక్కటే. దానికి నామినేషన్ రాలేదు. విశ్వనాథ్ ఈ 95వ ఉత్సవానికి అయిదు వారాల ముందు, 2023 ఫిబ్రవరి 2న పరమపదించినారు.

దేశం పంపకపోయినా పోటీకి మరొక ద్వారం ఉన్నది. అమెరికాలోని నిర్దేశిత మహానగరాలలో ఏదో ఒకచోట వరుసగా ఏడు రోజులు టిక్కెట్టుపై ప్రదర్శింపబడిన చిత్రం, ఏ భాషదైనా సరే, నిర్మాతలు తగిన పత్రాలు సమర్పించినచో, సాధారణ విభాగాలలో హాలీవుడ్ చిత్రాలతో సమానంగా పోటీ చేయవచ్చును. ఆర్.ఆర్.ఆర్. ఈ ద్వారం గుండానే వెళ్ళినది. 2022 మార్చి 25న విడుదలై, జూన్ 1న అమెరికాలో తెలుగేతర ప్రేక్షకుల కోసం తిరిగి ప్రదర్శింపబడడం దీనికి బాట వేసినది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు మొదలైన పలు విభాగాలలో పరిశీలన కోరగా, ఒక్క పాటకే నామినేషన్ లభించినది. కనుక "ఆర్.ఆర్.ఆర్.కు ఆస్కార్ వచ్చినది" అన్న మాట సగమే నిజం. పురస్కారం పాటది. దానిని అందుకొన్నది స్వరకర్త ఎం.ఎం. కీరవాణి, గీత రచయిత చంద్రబోస్.

ఓటింగు విధానం

నామినేషన్లను నిర్ణయించేది సాటి కళాకారులు. నటులను నటుల శాఖవారు, ఛాయాగ్రాహకులను ఛాయాగ్రాహకుల శాఖవారు, పాటలను సంగీత శాఖవారు ఎన్నుకొంటారు. ఉత్తమ చిత్రానికి మాత్రం సభ్యులందరూ నామినేషన్ ఓటు వేస్తారు. అంతర్జాతీయ చిత్రం వంటి కొన్ని విభాగాలకు వేరే ఏర్పాట్లు కలవు. పాటల విషయంలో ఆ సంవత్సరం అర్హత పొందిన 81 పాటలను మొదట 15కు, తరువాత 5కు కుదించినారు. పాట ఎంత జనాదరణ పొందినదన్నది కాక, చిత్రంలో అది ఎట్లు ఇమిడినదన్నది చూడవలెనన్నది నియమం. అందువలననే సంగీత శాఖవారికి పాటను అది వచ్చే సన్నివేశంతో సహా చూపిస్తారు. తెర మీద చూడనిదే సగం అందం తెలియని నాటు నాటు వంటి పాటకు ఈ నియమం కలిసివచ్చినదని భావించవచ్చును.

95వ ఉత్సవానికి నామినేషన్ల ఓటింగు 2023 జనవరి 12 నుండి 17 వరకు జరిగినది. జనవరి 24న రిజ్ అహ్మద్, ఆలిసన్ విలియమ్స్ జాబితాను చదివినారు. మార్చి 2 నుండి 7 వరకు జరిగిన తుది ఓటింగులో శాఖల భేదం లేదు; సుమారు 9,500 మంది సభ్యులూ 23 విభాగాలకు ఓటు వేయవచ్చును. అంటే నాటు నాటును అయిదింటిలో ఒకటిగా నిలిపినది సంగీతజ్ఞులు, గెలిపించినది సమస్త శాఖల వారు.

ఉత్తమ చిత్రానికి లెక్కింపు మరొక విధంగా ఉంటుంది. ఓటరు పది చిత్రాలకు ఇష్టాన్ని బట్టి వరుస సంఖ్యలు వేస్తాడు. ఏ చిత్రానికీ సగానికి మించి మొదటి స్థానాలు రానిచో, అందరికంటె వెనుకబడిన దానిని తొలగించి ఆ ఓట్లను వాటిలోని తదుపరి ఇష్టానికి బదలాయిస్తారు. సగం దాటే వరకు ఇట్లే సాగుతుంది. కొందరు తలకెత్తుకొని మరికొందరు తిరస్కరించే చిత్రం కంటె, ఎక్కువమందికి రెండవ, మూడవ ఇష్టంగా నిలిచే చిత్రానికే ఈ పద్ధతిలో అనుకూలత ఎక్కువ.

నామినేషన్ల చుట్టూ ఆ సంవత్సరం ఒక వివాదం కూడ నడచినది. "టు లెస్లీ" అనే చిన్న చిత్రంలో నటించిన ఆండ్రియా రైజ్‌బరోకు, ప్రకటనల ఆర్భాటమేమీ లేకుండా, పేరుపొందిన నటులు వ్యక్తిగతంగా చేసిన ప్రచారం వలన ఉత్తమ నటి నామినేషన్ వచ్చినది. అకాడమీ ఆ ప్రచార పద్ధతులను సమీక్షించి, నామినేషన్‌ను రద్దు చేయవలసిన అవసరం లేదని నిర్ణయించినది.

విజేతలు

ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్ ఉత్తమ చిత్రం, దర్శకత్వం (డేనియల్ క్వాన్, డేనియల్ షైనర్ట్), మౌలిక స్క్రీన్‌ప్లే, కూర్పులతో పాటు నటనకు మూడు పురస్కారాలు పొందినది. నటనకు మూడు పురస్కారాలు అంతకు ముందు "ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్", "నెట్‌వర్క్" చిత్రాలకు వచ్చినవి గాని, వాటికి ఉత్తమ చిత్రం దక్కలేదు. ఉత్తమ నటి మిషెల్ యో మలేషియాలో జన్మించినది. ఈ పురస్కారం పొందిన తొలి ఆసియా నటిగా గుర్తింపు పొందినది. ఉత్తమ సహాయ నటుడు కె హుయ్ క్వాన్ కథ మరింత చెప్పుకోదగినది. వియత్నాం నుండి శరణార్థిగా వెళ్ళి, 1984లో "ఇండియానా జోన్స్" చిత్రంలో బాలనటుడిగా పేరు తెచ్చుకొని, తరువాత వేషాలు లేక చాలాకాలం నటనకు దూరమైనవాడు. సహాయ నటి పురస్కారం జేమీ లీ కర్టిస్‌కు లభించినది.

ఉత్తమ నటుడుగా "ది వేల్" చిత్రానికి బ్రెండన్ ఫ్రేజర్ ఎన్నికైనాడు. ఆ విభాగంలోని అయిదుగురూ తొలిసారి నామినేషన్ పొందినవారే. జర్మనీ పంపిన యుద్ధ చిత్రం "ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" 9 నామినేషన్లలో 4 గెలిచినది: అంతర్జాతీయ చిత్రం, ఛాయాగ్రహణం, నేపథ్య సంగీతం, కళాదర్శకత్వం. అదే 9 నామినేషన్లు పొందిన "ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్" రిక్తహస్తాలతో వెనుదిరిగినది. "ఎల్విస్" (8), స్పీల్‌బర్గ్ "ది ఫేబుల్‌మన్స్" (7), "టార్" (6) చిత్రాలదీ అదే గతి. తొంబై ఏళ్ళు దాటిన స్వరకర్త జాన్ విలియమ్స్‌కు అది 53వ నామినేషన్.

భారతీయ విజేతలు

నాటు నాటుతో పోటీపడిన నాలుగు పాటలు లేడీ గాగా (టాప్ గన్: మావెరిక్), రిహానా (బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్), డయాన్ వారెన్ (టెల్ ఇట్ లైక్ ఎ ఉమన్), డేవిడ్ బర్న్ తదితరుల (ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్) భాగస్వామ్యంతో వచ్చినవి. జనవరి 10న గోల్డెన్ గ్లోబ్ కూడ వచ్చి ఉన్నందున ఈ పాటపై అంచనాలు హెచ్చుగా ఉండినవి. దీపికా పదుకొణె పరిచయ వాక్యాల తరువాత రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ వేదికపై తెలుగులోనే పాడినారు. పురస్కారం అందుకొన్నప్పుడు కీరవాణి తన కృతజ్ఞతలను కార్పెంటర్స్ బృందపు పాట వరుసలో పాడి వినిపించినారు. వరంగల్లు ప్రాంతపు చల్లగరిగ గ్రామంలో పుట్టిన చంద్రబోస్ "నమస్తే" అని ముగించినారు.

2009లో "జై హో" పాటకు ఎ.ఆర్. రెహమాన్, గుల్జార్‌లకు ఇదే పురస్కారం వచ్చినది. అయితే "స్లమ్‌డాగ్ మిలియనీర్" బ్రిటిష్ చిత్రం. భారతీయ చిత్రంలోని పాటకు రావడం నాటు నాటుతోనే మొదలు.

లఘు డాక్యుమెంటరీ విభాగంలో "ది ఎలిఫెంట్ విస్పరర్స్" గెలిచినది. తమిళనాడులోని ముదుమలై వద్ద తల్లిని కోల్పోయిన ఏనుగు గున్నలను సాకిన బొమ్మన్, బెల్లి అనే గిరిజన దంపతుల జీవితం దీని ఇతివృత్తం. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ మాట్లాడిన తరువాత నిర్మాత గునీత్ మోంగాకు అవకాశం రాకముందే ముగింపు సంగీతం వాయించడం విమర్శలకు గురి అయినది. షౌనక్ సేన్ డాక్యుమెంటరీ "ఆల్ దట్ బ్రీత్స్" నామినేషన్ పొందినను, ఆ పురస్కారం "నవల్నీ"కి వెళ్ళినది.

నృత్యానికి పురస్కారం

నాటు నాటు పేరు వినగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ భవనం ముందు ఎన్.టి.ఆర్., రామ్ చరణ్ వేసిన అడుగులు. వాటిని కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు ఆస్కార్‌లో భాగం లేదు, గాయకులకూ లేదు. గీత పురస్కారం స్వరానికి, సాహిత్యానికి మాత్రమే పరిమితం. ఉత్సవ వేదికపై నర్తించిన వారిలో దక్షిణాసియా వారు లేరన్న విమర్శ కూడ వచ్చినది.

నృత్య దర్శకత్వానికి అకాడమీ ఎన్నడూ పురస్కారం ఇవ్వలేదని అనుకోవడం పొరపాటు. 1935, 1936, 1937 సంవత్సరాల చిత్రాలకు అట్టి విభాగం ఉండి, తరువాత తొలగింపబడినది. ప్రేమ్ రక్షిత్‌కు ఆ లోటును తీర్చినది మన జాతీయ చలనచిత్ర పురస్కారాలే. 2023 ఆగస్టు 24న ప్రకటించిన 69వ జాతీయ పురస్కారాలలో ఆర్.ఆర్.ఆర్. నృత్యాలకు ఆయన ఉత్తమ నృత్య దర్శకుడుగా ఎంపికైనారు. నేపథ్య సంగీతానికి కీరవాణి, "కొండపొలం" చిత్రంలోని పాటకు చంద్రబోస్ అదే జాబితాలో ఉన్నారు.