వార్తల్లో పదం: ఇన్-స్పేస్

ప్రైవేటు రాకెట్ల వార్తల్లో తరచూ కనిపించే పేరిది. అంతరిక్ష రంగంలోకి వచ్చే ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే, చేయూతనిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2020 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దీనికి ఆమోదం తెలిపింది. ప్రధాన కార్యాలయం అహ్మదాబాద్‌లో ఉంది.

ఎలా పనిచేస్తుంది?: రాకెట్ ప్రయోగానికైనా, ఉపగ్రహ నిర్వహణకైనా ప్రైవేటు సంస్థ ఇక్కడే దరఖాస్తు చేయాలి. ఇస్రో ప్రయోగ వేదికలు, పరీక్షా కేంద్రాలు వాడుకునే వీలు కూడా ఇదే కల్పిస్తుంది. 2023 అంతరిక్ష విధానం ఈ బాధ్యతలను స్పష్టం చేసింది.

మన తీరంలో: ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం రేవుకు దక్షిణంగా, ఇదే తీరంలో ఇస్రో ప్రయోగ వేదికలున్న శ్రీహరికోట ఉంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చేదాకా అది నెల్లూరు జిల్లాలోదే. హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న అక్కడి నుంచే ఎగిరి, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ అదే. చెన్నై సంస్థ అగ్నికుల్ అక్కడే సొంత వేదిక కట్టుకుని, 2024 మే 30న ప్రయోగం జరిపింది.

పెట్టుబడులు: ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం లేని విదేశీ పెట్టుబడుల పరిమితిని 2024లో ఉపగ్రహాల తయారీకి 74 శాతం, రాకెట్లకు 49 శాతం, విడిభాగాలకు 100 శాతంగా నిర్ణయించారు.