అజీర్తికి తొలి గుర్తులు – తాగునీటిని కూడా పరీక్షించండి

భోజనం జీర్ణమైన పిదప వచ్చే త్రేనుపులో తిన్న కూర వాసన ఉండరాదు. శరీరం తేలికపడాలి, మలమూత్రాలు సకాలంలో వెడలాలి, ఆకలిదప్పులు తమంతట తామే కలగాలి. వీటిలో ఒకటి రెండు తప్పినంత మాత్రాన ఎవరూ వైద్యుని వద్దకు రారు. ఉదయం నాలుకపై తెల్లని పొర, రాత్రి తిన్నది తెల్లవారినా బరువుగా ఉండటం, ఆకలి లేకున్నా వేళ అయినదని విస్తరి ముందు కూర్చోవడం, మలం జిగటగా వెడలటం – ఇవి అగ్నిమాంద్యానికి, ఆమానికి తొలి సూచనలు.

మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల వారు ఇక్కడ మరొక మాట కూడా విచారించాలి. తాగుతున్నది ఏ నీరు? ఈ ప్రాంతంలో బోరు నీటిలో ఫ్లోరైడ్ అధికంగా గల గ్రామాలు అనేకం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలుత వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి తాలూకాలు 1970 వరకు ఆ జిల్లాలోనివే. గార పళ్లు, వంగిన నడుము చూచి ఈ వ్యాధిని అందరూ గుర్తిస్తారు. అంతకు చాలా ముందే అది కడుపును బాధిస్తుందని తెలిసినవారు తక్కువ. ఫ్లోరైడ్ జఠరంలోని ఆమ్లంతో కలిసి లోపలి పొరను ఒరుస్తుంది. అందువలన వికారం, ఉబ్బరం, కడుపునొప్పి, ఒకనాడు మలబద్ధం, మరొకనాడు విరేచనం కలుగుతాయి. ఇంటిల్లిపాదికీ ఇవే బాధలున్నా, పొరుగూరిలో పదిహేను దినాలున్నప్పుడు తగ్గి తిరిగి రాగానే మొదలైనా నీటిని అనుమానించాలి. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి.

కాచినందువలన ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరినకొద్దీ మరింత చిక్కబడుతుంది. తాగుటకు శుద్ధిచేసిన నీరు తెచ్చుకొని, పప్పు, అన్నం మాత్రం బోరు నీటితోనే వండే ఇండ్లు ఎన్నో! వంటకూ మంచినీరే వాడాలి.

అజీర్తికి మేము పరంపరగా ఇచ్చే చూర్ణాలు కొన్నింటిలో నల్ల ఉప్పు ఉంటుంది. అందులో ఫ్లోరైడ్ ఎక్కువని తేలినది. చెప్పుటకు కొంత సంకోచమే అయినా, ఈ ప్రాంతపు రోగులకు నేను దానిని మాన్పించినాను. బదులుగా పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి కలిపి భోజనానంతరం ఇవ్వవచ్చు. కడుపులో మంట గలవారు శొంఠి మానాలి. పాలు, మజ్జిగ, ఉసిరిక, ఆకుకూరలు నిత్యం ఉండాలి. కారణం నీరే అయితే, నీరు మార్చిన రెండు వారాలలో కడుపు తేలికపడటం సాధారణం.

మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గటం, మింగుటకు కష్టం ఉన్నవారు మాత్రం ఈ చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.