చిన్న జట్టు వెంట నడిచేవారు ఏమి ఆశించాలి?

క్రిస్మస్ సెలవులు వచ్చాయంటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఖాళీగా ఉన్న ప్రతి మైదానంలోనూ క్రికెట్ టోర్నమెంట్లే. మన సంఘాల యౌవనస్థులు కూడా జట్లుగా చేరి ఆడతారు. అలాంటి ఒక ఫైనల్‌కు మేమూ వెళ్ళాం. చివరి ఓవర్లో బంతి గాల్లోకి లేచింది. బౌండరీ దగ్గరున్న పదిహేడేళ్ళ అబ్బాయి చేతుల్లో పడి జారిపోయింది. మ్యాచ్ పోయింది. ఆ ఉదయం అదే అబ్బాయి పక్కన కూర్చుని పాటలు పాడినవాళ్ళే వాణ్ణి అనరాని మాటలన్నారు. మరుసటి వారం ప్రాక్టీసుకు వాడు రాలేదు. వాళ్ళమ్మ మమ్మల్ని చూసి ఒక్క మాట అడిగింది: "ఆడేకి పంపిచ్చేది మాదే తప్పా సార్?"

ప్రియ పాఠకులారా, ఆ తల్లికి జవాబు చెప్పాల్సింది ఆడినవాళ్ళు కాదు, చూసినవాళ్ళు. ఒక చిన్న జట్టును అభిమానించేవారు దాని నుంచి ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు అన్నది ఈ వారం కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మొదట లెక్క చూద్దాం. పదహారు జట్లు ఆడే టోర్నమెంటులో పదిహేను జట్లు కప్పు లేకుండానే ఇంటికి వెళ్ళాలి. ఇది ఎవరి తప్పూ కాదు, ఆట కట్టుబాటే అంత. అయినా ప్రతి జట్టు వెంట వచ్చినవారూ కప్పు తమదే అనుకుంటారు. ఎందుకంటే మన కళ్ళు టీవీకి అలవాటు పడ్డాయి. ఐపీఎల్‌లో కోట్లు పెట్టి కొన్న ఆటగాళ్ళు, వారికి కోచ్‌లు, డాక్టర్లు ఉంటారు. మన ఊరి జట్టులో ఒకడు ప్రొద్దుటూరు బట్టల అంగట్లో రాత్రి తొమ్మిదింటిదాకా నిలబడి పనిచేసేవాడు, ఒకడు పులివెందుల దగ్గర చీనీ తోటకు నీళ్ళు కట్టి వచ్చేవాడు, ఇద్దరు ఇంటర్ చదివేవాళ్ళు. కొత్త బంతి కొనాలన్నా చందా వేసుకోవాలి. చూసే కళ్ళు అవే గాని చూస్తున్న ఆట వేరు. ఆ తేడా మరచిపోయినప్పుడే తిట్లు మొదలవుతాయి.

ఇక ఊరి మైదానం నుంచి పైకి వెళ్ళే దారి ఎంత ఇరుకో కూడా తెలుసుకోవాలి. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953లో ఏర్పడింది. పాత పదమూడు జిల్లాల సంఘాలు దాని కింద మూడు జోన్లుగా ఉన్నాయి. కడప సౌత్ జోన్‌లో ఉంది. పిల్లవాడు ముందు జిల్లా సెలక్షన్లలో నిలవాలి, జిల్లా తరఫున ఆడి జోన్‌కు ఎంపిక కావాలి, అక్కడ రాణిస్తే రాష్ట్ర జట్టు. పదహారేళ్ళ లోపు వారికి విజయ్ మర్చంట్ ట్రోఫీ, పందొమ్మిదేళ్ళ లోపు వారికి కూచ్ బెహార్ ట్రోఫీ, ఇరవై మూడేళ్ళ లోపు వారికి సి.కె.నాయుడు ట్రోఫీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత కడప జిల్లాలోనే 28 లక్షలకు పైగా జనం ఉన్నారు. రాష్ట్రమంతటి నుంచి మైదానంలోకి దిగేది పదకొండు మందే. కాబట్టి "మావాడు ఇండియాకు ఆడతాడు" అని పదేళ్ళ పిల్లవాడి నెత్తిన మోపడం ప్రేమలా కనిపించినా అది బరువే.

అయితే ఆ దారి మూసుకుపోయిందా? లేదు. యర్రగుంట్ల, వేంపల్లె మధ్యనున్న వీరపునాయునిపల్లె మండలంలో ఎర్రమల్లె అనే పల్లె ఉంది. ఆ ఊరి అమ్మాయి శ్రీ చరణి 2025 ఏప్రిల్‌లో శ్రీలంకలో తొలి అంతర్జాతీయ వన్డే ఆడింది. అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాపై 52 పరుగులతో గెలిచి ప్రపంచ కప్పు ఎత్తిన భారత జట్టులో నిలిచింది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. మన ప్రాంతమంతా పండగ చేసుకుంది. చేసుకోవలసిందే.

కానీ ఆ కథలో ఒక ముక్కను మనం త్వరగా మరచిపోయాం. అదే ప్రపంచ కప్పులో భారత జట్టు లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ మూడూ ఓడించాయి. ఆ మూడో రాత్రి "ఇక వీళ్ళ పని అయిపోయింది" అన్నవాళ్ళు మనలోనూ ఉన్నారు. రెండు వారాల తరవాత స్వీట్లు పంచింది కూడా వాళ్ళే. గెలిచిన రోజు అభిమానం కష్టమేమీ కాదు. జట్టుకు మన అవసరం పడేది ఆ మూడో ఓటమి రాత్రే.

ఓడుతూ కూడా తలెత్తుకోవడం ఎలాగో ఆంధ్ర రంజీ జట్టును చూస్తే తెలుస్తుంది. 1953-54లో సి.కె.నాయుడు కెప్టెన్‌గా మొదలైన జట్టు అది. ఇన్నేళ్ళలో రంజీ ట్రోఫీ ఒక్కసారీ గెలవలేదు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్. కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం ఆటగాడైన ఆయన గాయపడిన చేతిని కాపాడుకుంటూ ఎడమచేతి వాటంతో నిలబడి బ్యాటింగ్ చేశాడు. ఆంధ్ర ఓడింది. మరుసటి ఏడాది మళ్ళీ అదే ఇండోర్, అదే మధ్యప్రదేశ్, అదే క్వార్టర్ ఫైనల్. గెలవడానికి 170 కావాలి, 165కు ఆలౌట్. నాలుగు పరుగుల తేడాతో ఓటమి. ఆ రెండు మ్యాచ్‌ల ఫలితం పుస్తకంలో "ఓటమి" అనే ఉంటుంది. కానీ ఆ పోరాటం చూసినవారు తమ జట్టు తమకేమీ ఇవ్వలేదని అనగలరా?

మరోవైపు, పునాది లేని ఆశయం ఏమవుతుందో కూడా తెలుగు నేల చూసింది. దక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచింది. 2009లో కప్పు గెలిచింది. 2012కల్లా జట్టే లేకుండా పోయింది. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సీజన్‌లో అట్టడుగు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ విజేత అయింది. ఆ రోజు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తరవాత రెండేళ్ళు తిరగకముందే ఆటగాళ్ళకు జీతాలు అందడం లేదన్న వార్తలు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మారింది. కప్పు గెలిచిన రోజున చప్పట్లు కొట్టిన అభిమాని "లెక్కలు సరిగా ఉన్నాయా? పిల్లల జట్టు తయారవుతోందా? జీతాలు అందుతున్నాయా?" అని అడిగి ఉండడు. కప్పు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు అవే.

దీనికి భిన్నమైన కథ ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది. సౌతాంప్టన్ పట్టణంలో సెయింట్ మేరీస్ చర్చి యౌవనస్థుల సమాజం 1885లో ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకుంది. అదే నేటి సౌతాంప్టన్ క్లబ్బు. ఇప్పటికీ వాళ్ళను "సెయింట్స్" అనే పిలుస్తారు. నూట నలభై ఏళ్ళలో వాళ్ళు గెలిచిన పెద్ద కప్పు ఒక్కటే. 1976లో, రెండో డివిజన్‌లో ఉండగా, మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి ఎఫ్‌ఏ కప్పు తెచ్చుకున్నారు. 2024-25 సీజన్‌లో కేవలం 12 పాయింట్లతో ప్రీమియర్ లీగ్ నుంచి కింద పడిపోయారు. క్లబ్బు మూతపడలేదు, జనం రావడమూ మానలేదు. అక్కడ తాత చూసిన జట్టునే మనవడూ చూస్తున్నాడు. చిన్న జట్టుకు నిజమైన ఆస్తి అలా తరాలుగా వచ్చే మనుషులే.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పక తప్పదు. ప్రొద్దుటూరు పరిసరాల్లో క్రికెట్ పందేల గురించి పత్రికల్లో వార్తలు కొత్త కాదు. జట్టు గెలవాలని కోరుకోవడం వేరు, గెలుస్తుందని డబ్బు కాయడం వేరు. డబ్బు కాసిన క్షణం నుంచి క్యాచ్ వదిలిన పిల్లవాడు మన కంటికి పిల్లవాడిలా కనిపించడు, మన జేబు కొట్టినవాడిలా కనిపిస్తాడు. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఉన్నా ఫోను మన జేబులోనే ఉంది. ఇంట్లో పెళ్ళికని దాచిన సొమ్ము, సంఘంలో అప్పడిగి తెచ్చిన సొమ్ము ఇలా పోతే ఆ కుటుంబానికి ఏ కప్పు తిరిగి ఇస్తుంది?

మరి ఏమి ఆశించాలి? మన భాషలో దగ్గర దగ్గరగా ఉన్న మూడు మాటలను వేరుచేసి చూద్దాం. అత్యాశ అంటే ఈ ఏడే కప్పు కావాలనడం. ఆశయం అంటే మెట్టు మెట్టుగా పైకి వెళ్ళాలనుకోవడం. నిరీక్షణ అంటే ఫలితం కనబడకపోయినా మనిషిని విడిచిపెట్టకుండా ఎదురుచూడడం. ఈ మూడో మాట సంఘస్థులమైన మనకు కొత్తది కాదు. ఇరవై మందితో ఏళ్ళ తరబడి నడిచే పల్లె సంఘాలను మనం చూశాం. లెక్క పెరగలేదని వాటిని ఎవరూ తిట్టలేదు.

కాబట్టి మన జట్ల నుంచి కొన్నిటిని గట్టిగానే ఆశిద్దాం. పదకొండు మందీ ప్రాక్టీసుకు వేళకు రావాలి. ఎంపిక ఆట చూసి జరగాలి, బంధుత్వమో, పార్టీయో, చందా ఎక్కువిచ్చిన ఇంటి పేరో చూసి కాదు. వచ్చిన చందాకు లెక్క అందరి ముందూ చెప్పాలి. శ్రీ చరణి ఊరు ఇంత దగ్గర ఉండగా మన ఆడపిల్లలకు వారానికి రెండు సాయంత్రాలైనా మైదానం దొరకాలి. ఆశయం కూడా మెట్ల మీదే పెట్టుకుందాం. ఈ ఏడు జట్టు చెదరకుండా నిలవడం, వచ్చే ఏడు ఇద్దరు పిల్లలు జిల్లా సెలక్షన్లకు వెళ్ళడం. ఒక్కరైనా జోన్‌కు ఎంపికైతే అది మనకు కప్పుతో సమానం.

జట్టుకూ మన నుంచి కొన్ని ఆశించే హక్కుంది. ఓడిన రోజు మనం మైదానంలో ఉండాలి. తప్పు చెప్పాల్సివస్తే పెద్దవాళ్ళు పిలిచి, నలుగురిలో కాకుండా, పక్కకు తీసుకెళ్ళి చెప్పాలి. తల్లి పేరెత్తి తిట్టే మాట బౌండరీ దాటకూడదు.

ఆ తల్లికి మేము ఆ రోజు "కాదమ్మా, మీ తప్పు కాదు" అని మాత్రమే అనగలిగాం. ఆ జవాబు చాలదని మాకు తెలుసు. ఆ అబ్బాయి ఇంకా ప్రాక్టీసుకు రాలేదు. కెప్టెన్, తిట్టినవాళ్ళలో ఇద్దరు పెద్దలు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వాళ్ళింటికి వెళ్తామన్నారు. మేమూ వెళ్తున్నాం. వాడు వెంటనే బంతి పట్టుకుంటాడో లేదో మాకు తెలియదు. కానీ క్షమాపణ చెప్పాల్సినవాళ్ళు నడిచి వాడి గడప దాకా వెళ్ళడం మాత్రం మన చేతిలో ఉన్న పనే.