తట్ట పడితే ఎగిరిపడే నాయిన

హొళగుంద నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. "మా ఇంటాయన పదిహేడేండ్లు మిలిటరీలో చేసొచ్చినాడు. దసరా రాత్రి దేవరగట్టుకు పోతాడు. అంతమంది కర్రలు తిప్పుకుంటా కేకలేస్తా ఉంటే నిమ్మళంగా నిలబడి చూసొస్తాడు. ఇంట్లో మా పాప చేతిలోనుంచి స్టీలు తట్ట జారితే మాత్రం ఎగిరిపడి గోడకు అతుక్కుపోతాడు. ఆ వెంటనే బిడ్డ మీద అరుస్తాడు. అరిచినందుకు మళ్లీ రాత్రంతా నిద్రపోడు. అంత సద్దుకు జడవనోడు తట్టకెందుకు జడుసుకుంటాడు సారూ?"

సీమలో తట్టంటే కంచం. ఇలాంటి ప్రశ్న వచ్చాక వేరే విషయం మీద వ్యాసం రాయడం నా వల్ల కాలేదు.

దేవరగట్టు హొళగుంద మండలంలోనే ఉంది. విజయదశమి అర్ధరాత్రి మాళమల్లేశ్వర స్వామి కల్యాణం అయ్యాక, ఉత్సవ విగ్రహాల కోసం చుట్టుపక్కల ఊళ్లు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో తలపడతాయి. దివిటీలు, డప్పులు, కేకలు. ఏటా తలలు పగులుతాయి. దాని ముందు తట్ట చప్పుడు ఏపాటిది?

ముందు ఈ జబ్బు పేరు సంగతి తేల్చేద్దాం. 1915లో చార్లెస్ మయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో 'షెల్ షాక్' అన్న మాట వాడాడు. ఫిరంగి గుండు దగ్గర్లో పేలితే ఆ అదురుకు నరాలు దెబ్బతింటాయని అప్పటి నమ్మకం. తీరా చూస్తే గుండు దరిదాపుల్లో లేనివాళ్లకూ అవే లక్షణాలు. ఇది జబ్బు కాదు, పిరికితనమన్నారు కొందరు అధికారులు. ఆ మొదటి ప్రపంచయుద్ధంలో పారిపోయారనీ పిరికితనం చూపారనీ కాల్చి చంపిన 306 మంది సైనికులకు బ్రిటన్ 2006లో గానీ క్షమాభిక్ష ఇవ్వలేదు. వాళ్లలో ఎంతమంది జబ్బుమనుషులో! 1980లో అమెరికా మనోవైద్యులు పీటీఎస్‌డీ (ఘోర అనుభవం మిగిల్చే మనోవ్యాధి) అన్న పేరు ఖాయం చేశారు. మన ఊళ్లలో జడుపు అంటాం, కాకపోతే అది పిల్లలకే వస్తుందనుకుని తాయెత్తు కట్టి ఊరుకుంటాం.

ఇక అసలు సంగతి, ఉలికిపాటు. భయపడ్డాం కాబట్టి ఉలిక్కిపడ్డామని అందరం అనుకుంటాం. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే భాగమే మనల్ని ఎగిరిపడేలా చేస్తుందని పత్రికల్లో తరచూ చదువుతాం. నేనూ ఒకప్పుడు అలాగే రాశాను. తప్పు. చప్పుడు అమిగ్డలా దాకా పోయి అనుమతి తెచ్చుకునేంత తీరిక శరీరానికి లేదు. చెవి నరం మోసుకొచ్చిన కబురు మెదడు అడుగున ఉండే కాండంలోని కొన్ని పెద్ద నాడీకణాలను తాకుతుంది. అవి నేరుగా వెన్నుపాముకు, వెన్నుపాము కండరాలకు కబురు పెడతాయి. అంతే దారి. ఎలుకల్లో మైకేల్ డేవిస్ బృందం 1982లో లెక్కగట్టింది: చప్పుడైన 8 మిల్లీసెకన్లకే కాలి కండరం కదిలింది. సెకనులో నూరోవంతు కూడా కాదు! 'ఇది తట్టే కదా' అన్న ఆలోచన పుట్టేలోపు ఒళ్లు ఎగిరిపడటం అయిపోతుంది. ధైర్యసాహసాలకు అక్కడ పనే లేదు.

మరి అమిగ్డలా ఏం చేస్తుంది? మైకుసెట్టు దగ్గర కూర్చున్న మనిషి చేసే పని. పాడేది ఇంకొకరు, సౌండు పెంచేది తాను. 1951లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఎలుకలకు దీపం వెలిగించినప్పుడల్లా చిన్న షాక్ ఇచ్చారు. తర్వాత షాక్ లేకుండా, దీపం మాత్రం వెలుగుతుండగా చప్పుడు చేశారు. ఎలుకలు మామూలుకంటే ఎత్తుగా ఎగిరాయి. చప్పుడు పాతదే, పెరిగింది సౌండు. ఏళ్ల తరబడి ప్రాణాపాయంలో కాపలా కాసిన మనిషిలో ఆ మీట పైనే బిగుసుకుపోయి ఉండొచ్చు.

ఇప్పుడు దేవరగట్టు చిక్కుముడికి వద్దాం. ఉలికిపాటు దారికి చప్పుడు పెద్దదైతే సరిపోదు, హఠాత్తుగా పుట్టాలి. మెల్లగా పెరుగుతూ అంతే స్థాయికి చేరిన మోతకు అది పెద్దగా కదలదు. గట్టు మీద మోత సాయంత్రం నుంచీ పెరుగుతూ వస్తుంది. పైగా కర్ర లేవడం కళ్లకు కనిపిస్తుంది, చప్పుడు వస్తుందని ముందే తెలుసు. తట్ట అలా కాదు. నిశ్శబ్దంలోంచి రెప్పపాటులో వచ్చి పడుతుంది. ఆయన్ను నేను చూడలేదు గానీ ఈ రెండు తేడాలూ పెట్టి చూస్తే ముడి చాలావరకు విడిపోతుంది.

"ఇంటికొచ్చి ఇన్నేండ్లయినా పోదా?" అని కూడా ఆమె అడిగింది. దీనికి రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల్ని పిలవాలి. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరదొచ్చింది. ప్రయోగశాల కుక్కలు బోనుల్లో మునిగిపోబోతుంటే పనివాళ్లు ఈదించి బయటికి తెచ్చారు. కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవన్నీ పోగొట్టుకున్నాయి. ఓపిగ్గా మళ్లీ దారికి తెచ్చాక, ఒకరోజు తలుపు కిందనుంచి సన్నటి నీటిధార వదిలారు. అంతే, కుక్క మళ్లీ వరదలో ఉన్నట్టే అయిపోయింది!

అంటే భయం చెరిగిపోలేదు. దాని పక్కనే 'ఇక్కడ ఫరవాలేదు' అన్న కొత్త పాఠం చేరింది. రెండూ పోటీపడతాయి. మార్క్ బౌటన్ అనే పరిశోధకుడు ఎలుకలతో చూపింది మరీ ముచ్చటైనది: ఒక పెట్టెలో భయం తగ్గించి వేరే పెట్టెలోకి మారిస్తే భయం తిరిగొచ్చింది. భయం ఏ ఊళ్లోనైనా పనిచేస్తుంది, నిబ్బరం మాత్రం నేర్చుకున్న చోటే పనిచేస్తుంది. బయట ఒకచోట నిమ్మళంగా ఉన్న మనిషి వంటింట్లో బెదరడంలో వింతేమీ లేదు. ఎడ్నా ఫోవా ఈ జబ్బుకు రూపొందించిన చికిత్సలో జరిగినదాన్ని గదిలో చెప్పించడంతో ఆపకుండా, తప్పించుకు తిరిగేవాటి దగ్గరికి మెట్టుమెట్టుగా వెళ్లే పని ఇంటికీ ఇచ్చి పంపేది అందుకే. 'మర్చిపో' అనే సలహా ఎందుకూ కొరగాదు.

ఇక బిడ్డ మీద అరవడం గురించి. తండ్రి కావడం కూడా ఒంటి సంగతే. ఫిలిప్పీన్స్‌లోని సెబులో 624 మంది మగవాళ్లను నాలుగున్నరేళ్లు గమనించి 2011లో ప్రకటించారు: తండ్రులైనవాళ్లలో టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది, రోజూ బిడ్డల్ని ఎక్కువసేపు చూసుకునేవాళ్లలో మరీ తక్కువ. మగవాడి ఒళ్లు బిడ్డ కోసం మారగలదన్నమాట. కానీ అరిచానన్న సిగ్గుతో తండ్రి దూరం జరిగితే, బిడ్డ తప్పు తనదే అనుకుంటుంది. ఉలిక్కిపడ్డాక "తప్పు నీది కాదు తల్లీ, నా చెవిది" అని ఒక్క మాట అనడం ఏ మందుకూ తీసిపోదు.

ఇక వైద్యం మాట. మాజీ సైనికులకూ కుటుంబాలకూ 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. కానీ హొళగుంద నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాటి కర్నూలు చేరేసరికి కూలిరోజు పోతుంది. పోయినా బీపీ అని చెబుతారు గానీ 'తట్టకు బెదురుతున్నాను' అని నోరు తెరిచే సిపాయి ఎక్కడ? మానసిక సమస్యలకు 2022లో మొదలైన టెలీమానస్ ఫోను 14416 ఉంది, బస్సెక్కకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఉత్తరం చివర ఆమె అడిగింది: "ఇంట్లో స్టీలు సామాన్లు తీసేసి ప్లాస్టిక్ పెట్టేదా?"

వద్దమ్మా. ఇల్లంతా మునివేళ్ల మీద నడిస్తే ఆయన మెదడుకు కొత్త పాఠం ఎక్కడ దొరుకుతుంది? కావాలని చప్పుడు చేసి పరీక్ష పెట్టొద్దు, ఆ సంగతి తెలిసిన వైద్యులకు వదలండి. పాప మాత్రం "తట్ట పెడుతుండా నాయినా" అని ఒక కేకేసి, స్టీలు తట్టే పెట్టాలి.