సొంతపని విడిచి కూలికి పోయినవానికి రోగకాలపు భృతి



మా యూరిలో ఇరువదిరెండేండ్లు సొంత కుట్టుమిషనుతో బ్రతికిన దర్జీ యొకడు నా పూర్వశిష్యుడు. కుట్టి సిద్ధముచేసిన బట్టలు సంతలకు వచ్చిన పిమ్మట అతని యరుగెక్కువారు తగ్గిరి. పండుగలకును పెండ్లిండ్లకును తప్ప మిషను తిరుగదాయెను. తుదకు దానిపై గుడ్డ కప్పి, హైదరాబాదు శివారున నొక బట్టల కర్మాగారమున జూన్ 10వ తేదీని పనికి కుదిరెను. మరుసటి ఏప్రిలు 3వ తేదీని పచ్చకామెరలతో పడి ముప్పది దినములు మంచము దిగలేదు. అతని భార్య నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, జీతములో బీమాకని పట్టుకొన్నారు గదా, ఇప్పుడేమైనా ఇస్తారా? ఇన్నాళ్లు సొంతపని చేసుకొన్నవాడవు, నీకు లేదంటారా?" అని యడిగెను. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన నాకు బీమా నిబంధనలెట్లు తెలియును? కనుక్కొంటిని. మీ యూళ్లనుండియు నేతగాండ్రు, వడ్రంగులు, దర్జీలు పట్టణములకు పోవుచునే యున్నారు గావున, కనుక్కొన్నది మీకును చెప్పుచున్నాను.

మొదట రెండు సంగతులను వేరుపరుపవలెను. వైద్యమున కగు వ్యయము వేరు. రోగి మంచముపై నుండగా ఇంట పొయ్యి వెలుగుటకు వలయు సొమ్ము వేరు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మొదలైన ఆరోగ్యశ్రీ గాని, 2018లో దేశమునకు వచ్చిన ఆయుష్మాన్ భారత్ గాని మొదటిదానికి ఏర్పడినవి. ఆసుపత్రికి చెల్లింతురు, పోయిన కూలికి చెల్లింపరు. ఆ కూలికి బదులుగా కొంత సొమ్మిచ్చునది ఉద్యోగుల రాజ్య బీమా. జనులు దానిని ఇ.ఎస్.ఐ. అందురు. బి. పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదికపై 1948లో చట్టమేర్పడి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరునను ఢిల్లీయందును ఆ బీమా ఆరంభమయ్యెను. ఆ చట్టమును 2020 నాటి సాంఘిక భద్రతా చట్టములో చేర్చిరి.

సొంతపనివాడు ఈ బీమాకు వెలుపల నుండుటకు కారణము చందాలోనే యున్నది. చందా ఇద్దరు కట్టవలెను. 2019 జూలై నుండి పనివాని వంతు నూటికి ముప్పావలా, అనగా పాతలెక్కలో పండ్రెండణాలు. యజమాని వంతు నూటికి మూడు రూపాయల పావలా. 15,000 రూపాయల జీతమునకు పనివాడు 112 రూపాయల 50 పైసలు, యజమాని 487 రూపాయల 50 పైసలు కట్టవలసియుండును. తన యరుగుమీద తానే యజమానియు తానే పనివాడును అయిన దర్జీకి ఆ పెద్దవంతు కట్టువారెవరు? 2020 చట్టమున సొంతపనివారితో గూడ అసంఘటిత కార్మికులకు ఈ బీమా ఫలములనిచ్చుటకు ప్రభుత్వము పథకము లేర్పరుపవచ్చునని వ్రాసిరి. వీలుండుట వేరు, సొమ్ము చేతికందుట వేరు గదా.

కర్మాగారమున పదిమందియో అంతకెక్కువయో పనిచేయుచుండవలెను. జీతము నెలకు 21,000 రూపాయలకు మించరాదని 2017 జనవరి నుండి హద్దు పెట్టిరి.

ఇక ఆమె ప్రశ్న. సొంతపని చేసిన ఇరువదిరెండేండ్లును లెక్కకు రావు. కాని అడ్డమును గావు. లెక్క కర్మాగారమున కాలుపెట్టిన దినము నుండి మొదలగును. వైద్యమున కా దినము నుండియే హక్కు. సొమ్మునకు మాత్రము, మొదటిసారి చేరినవాడు తొమ్మిది నెలలు వేచియుండవలెను. చందా కాలములు రెండు: ఏప్రిలు నుండి సెప్టెంబరు వరకొకటి, అక్టోబరు నుండి మార్చి వరకొకటి. మొదటిదాని ఫలము వచ్చు జనవరి నుండి జూన్ వరకును, రెండవదాని ఫలము జూలై నుండి డిసెంబరు వరకును అనుభవింపవచ్చును. ఒక కాలమున 78 దినములకైన చందా చెల్లవలెను. నడుమ చేరినవానికి ఆ కాలమున 156 దినములకు తక్కువ మిగిలినయెడల, అందు పనిదినములలో సగమునకు చెల్లిన చాలును. మనవాడు జూన్ 10న చేరెను గనుక మార్చి 10 నుండి భృతికి అర్హుడు. డిసెంబరులో జబ్బుపడియుండినచో మందులు దొరకెడివి గాని రూక దొరకెడిది కాదు.

అయితే మేస్త్రీ మొదటి రెండు నెలలు పని నేర్చుకొను కాలమని చెప్పి, ఆగస్టు 20నగాని పేరెక్కింపలేదు. ఇరువదిరెండేండ్లు కుట్టినవానికి కుట్టు నేర్పుట! ఆ తేదీ ప్రకారము తొమ్మిది నెలలు మే 20కి గాని నిండవు. ఏప్రిలు జబ్బుకు భృతి లేనట్లే. చందా కట్టకపోవుట యజమాని దోషము. దానివలన పనివాని హక్కు పోదు. కాని నిజముగా ఎన్నడు చేరెనో చూపవలెను గదా. అదృష్టవశమున ఆ యిల్లాలు జూను, జూలై నెలల జీతపు చీటీలను బియ్యపు డబ్బాలో దాచియుంచెను. వానిని జతచేసి బీమా శాఖా కార్యాలయమునకు నేనే యర్జీ వ్రాసి యిచ్చితిని. విచారించి తేదీ సవరించుటకు రెండు నెలలు పట్టెను.

భృతి సగటు దినవేతనములో నూటికి 70 వంతులు. అతనికి సగటు 500 రూపాయలు తేలెను గావున దినమునకు 350. జబ్బుపడిన మొదటి రెండు దినములకు ఇయ్యరు. తక్కిన 28 దినములకు 9,800 రూపాయలు వచ్చినవి. ఇది రావలెనన్న బీమా వైద్యుని ధ్రువపత్ర ముండవలెను. ఊరి ఆచారిగారి పసరు త్రాగి ఇంట పడియున్నచో ఎవరును లెక్కింపరు. మనవాడు మొదటి దినముననే బీమా ఆసుపత్రికి పోయెను గనుక బ్రతికిపోయెను. వేతనమునకు పనిచేసిన దినమున భృతి లేదు. భృతి పొందుచున్న కాలమున యజమాని వానిని పనినుండి తొలగింపరాదు. ఈ సంగతి మేస్త్రీకి తెలియకుండెను, చెప్పితిమి.

వరుసగా వచ్చు రెండు అనుభవ కాలములలో మొత్తము 91 దినములకే ఈ భృతి. క్షయ మొదలగు దీర్ఘరోగములకు ఎక్కువ కాలము నూటికి 80 వంతుల చొప్పున ఇత్తురు గాని, అందుకు రెండేండ్ల ఉద్యోగముండవలెను. మనవానికి 91లో 28 పోగా 63 దినములు మిగిలినవి. ఆ యంకెను అతని భార్య గోడమీద బొగ్గుతో వ్రాసికొన్నది.