సూరచేప వేడి

పిడుగురాళ్ల పరిసరములలోని సున్నపుబట్టీని చూడని పల్నాటి విద్యార్థి అరుదు. బట్టీకి పైనుండి సున్నపురాయిని, బొగ్గును పొరలుపొరలుగా వేయుదురు. నడుమ మంట యుండును. అడుగున కాలిన సున్నము తీయుదురు. రాయి పైనుండి క్రిందికి దిగుచుండగా వేడివాయువులు క్రిందినుండి పైకి ఎక్కుచుండును. ఈ రెండును ఎదురెదురుగా నడచుటలోనే బట్టీ పొదుపంతయు ఇమిడియున్నది. పైకి పోవు వాయువు తన వేడిని దిగివచ్చు చల్లని రాతికి ఇచ్చిపోవును. అడుగునకు చేరుచున్న సున్నము తన వేడిని లోనికి వచ్చు చల్లగాలికి ఇచ్చివేయును. అందుచేత నడుమ 900 డిగ్రీలు దాటిన వేడి యున్నను, ఆ వేడిలో చాలభాగము అక్కడనే నిలిచియుండును.

సరిగా ఈ ఉపాయమే సముద్రములో తిరుగు ఒక చేప శరీరమందును కలదు. ఆ చేప సూర. ట్యూనా అని ప్రపంచమంతటను పేరు పొందినది ఇదే. మన ఉత్తరకోస్తా మత్స్యకారులు పసుపురెక్కలు గల పెద్దజాతిని రెక్కసూర అనియు, పొట్టపై నామముల వంటి చారలు గల చిన్నజాతిని నామాలసూర అనియు పిలుతురు. పల్నాటి సున్నపురాయి కూడ ఒకానొక ప్రాచీన సముద్రగర్భముననే ఏర్పడినది. కాని ఆ సముద్రములో సూర కాదుగదా, ఏ చేపయు లేదు. చేపలు పుట్టి సుమారు 50 కోట్ల సంవత్సరములైనది. పల్నాటి రాయి అంతకంటె పాతది.

నాగార్జునసాగరములో పట్టి మాచర్ల సంతకు తెచ్చు బొచ్చెను గాని, శీలావతిని గాని నీటినుండి తీసిన వెంటనే ఉష్ణమాపకముతో పరీక్షించినచో, నీటి వేడియు చేప వేడియు ఇంచుమించు ఒక్కటిగానే కనబడును. చేపకు శరీరములో వేడి పుట్టదా అన్నచో, పుట్టును. కండరము పని చేసినచోట నెల్ల వేడి పుట్టును. ఆ వేడి నిలువకుండుటకు కారణము శ్వాస. ఒక లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఉండగా, ఒక లీటరు వెచ్చని సముద్రజలములో అది 5 మిల్లీలీటర్లకు మించదు. ఆ కొద్దిపాటి వాయువు కొరకు చేప తన రక్తమునంతను మొప్పల పలుచని పొరలలో ప్రవహింపజేసి, లీటర్లకొలది నీటితో కడిగించుకొనవలెను. గాలికంటె నీటికి వేడిని పీల్చుకొను శక్తి మిక్కిలి హెచ్చు. ప్రాణవాయువు లోనికి వచ్చునంతలో వేడియంతయు వెలుపలికి పోవును. కావున చేప చల్లగా నుండుట దాని లోపము కాదు, నీటిలో ఊపిరి పీల్చుటకు చెల్లించు సుంకము.

సూర ఈ సుంకమును తప్పించుకొన్నది. దాని శరీరములో, వెన్నెముకకు దగ్గరగా, ముదురు ఎరుపురంగు కండరము కలదు. అలసట లేక రాత్రింబవళ్లు ఈదుటకు ఉపయోగించునది ఈ ఎర్రకండరమే. దానిలోనికి మొప్పలనుండి చల్లని రక్తమును తెచ్చు సన్నని ధమనులును, దానినుండి వెచ్చని రక్తమును తీసికొనిపోవు సన్నని సిరలును, వందలకొలది, ఒకదాని ప్రక్క నొకటి ఒరసికొని, ఎదురెదురు దిశలలో సాగును. శాస్త్రజ్ఞులు ఈ అల్లికకు లాటిను భాషలో అద్భుతజాలము అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. వెలుపలికి పోవు సిరలోని వేడి, మొప్పలకు చేరకముందే, లోనికి వచ్చు ధమనిలోని చల్లని రక్తమునకు ఎక్కి తిరిగి కండరమునకే వచ్చును. బట్టీలో రాయియు వాయువును చేయు పనినే ఇచట రెండు రక్తప్రవాహములు చేయుచున్నవి. రక్తము కలియదు, వేడి మాత్రమే దాటును.

ఈ సంగతిని మొదట కొలిచి చెప్పినవారిలో జాన్ డేవీ ముఖ్యుడు. గనికార్మికుల రక్షాదీపమును కనిపెట్టిన హంఫ్రీ డేవీకి ఇతడు తమ్ముడు, సైన్యములో వైద్యుడు. 1835లో ఇతడు ప్రకటించిన లెక్క ప్రకారము, సముద్రజలము ఫారన్‌హీటు మానమున 80.5 డిగ్రీలుండగా, నామాలసూర శరీరము 99 డిగ్రీలున్నది. అనగా నీరు సుమారు 27 సెంటిగ్రేడు, చేప సుమారు 37. మనుష్యుని వేడి! చల్లని అట్లాంటిక్‌లో తిరుగు నీలిరెక్కల సూర ఇంకను గట్టిది. నీరు 10 డిగ్రీలకు దిగినను దాని కండరము చాల వెచ్చగా నుండును.

వెచ్చని కండరము త్వరగా ముడుచుకొని త్వరగా సడలును. కావున వేగము హెచ్చు. కాని ఆ వేగమునకు వెల యున్నది. సూర తన మొప్పలను తానుగా ఆడించి నీటిని త్రాగలేదు. నోరు కొంచెము తెరచి ముందునకు ఈదుచుండిననే నీరు మొప్పలమీదుగా పోవును. ఆగినచో ఊపిరి ఆడదు. పుట్టినది మొదలు చచ్చువరకు దానికి విశ్రాంతి లేదు. మరియొక చిక్కు గుండె. కండరము వెచ్చగా నున్నను, గుండెకు ఆ అద్భుతజాలపు రక్షణ లేదు. అది దాదాపు నీటి వేడిమిలోనే కొట్టుకొనును. అందుచేత రెక్కసూర చల్లని లోతులకు దిగగలిగినను అచట ఎక్కువసేపు నిలువలేదు, మరల పైకి రావలసినదే. బంగాళాఖాతములో ఆ లోతులందు ప్రాణవాయువు కూడ తక్కువ. కనుక అది ఎక్కువగా పై పొరలోనే సంచరించి గాలమునకు అందుబాటులో నుండును.

నరసరావుపేటకు బాపట్ల సముద్రతీరము పక్షి ఎగిరిన దారిన 70 కిలోమీటర్లకు మించదు. అయినను సూరవేటను గూర్చి తెలిసికొనుటకు ఉత్తరముగా విశాఖపట్టణము వైపు పోవలెను. అచటను, దానికి దక్షిణమున ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని పూడిమడకయందును, తీరమునుండి 40, 50 కిలోమీటర్లు పోవుసరికి సముద్రపు అడుగు 200 మీటర్లు దాటి దిగిపోవును. చిన్న యంత్రపు పడవతో పోయి, చేతితాడు గాలముతో పెద్ద రెక్కసూరను పట్టు మత్స్యకారులు అచట కలరు.

పాశ్చాత్యదేశములలో ఇదే పని వేడుకగా మారినది. పట్టణవాసులు పడవను, నావికుని, గాలపుకర్రను ఒక దినమునకు అద్దెకు తీసికొని పెద్ద సూరకొరకు బయలుదేరుదురు. 1898లో కాలిఫోర్నియాకు ఎదురుగా నున్న శాంటా కాటలీనా దీవివద్ద ఛార్లెస్ హోల్డర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 183 పౌనుల, అనగా 83 కిలోల, సూరను గాలపుకర్రతో పట్టుటతో ఈ వేడుకకు పేరు వచ్చినది. 1979లో కెనడాలోని నోవాస్కోషియావద్ద పట్టిన నీలిరెక్కల సూర 679 కిలోలు తూగెను. అద్దెపడవ వానికి ఇది ఒక దినపు ముచ్చట, పూడిమడక వానికి కుటుంబపోషణ. చేప మాత్రము ఇద్దరినీ ఒకే బలముతో లాగును.

ఆ బలము ఎంత? 100 కిలోల చేప నీటిలో 100 కిలోల బరువు తూగదు. దాని శరీర సాంద్రత నీటి సాంద్రతకు దగ్గర. ఆర్కిమిడీస్ సూత్రముచే బరువులో చాలభాగము తేలిపోవును. గాలపుతాడును లాగునది బరువు కాదు, కండరము. తాడుమీద 15 కిలోల బలముతో, అనగా సుమారు 150 న్యూటనులతో, సెకనుకు 5 మీటర్ల వేగమున చేప పరుగెత్తినదనుకొందము. బలమును వేగముచే గుణించినచో 750 వాట్లు. ఇంచుమించు ఒక అశ్వశక్తి. గట్టి మనుష్యుడు గంటలతరబడి చేయగలది సుమారు 75 వాట్ల పని. ఇది పదింతలు.

గాలపుకర్రకు చక్రమును, దానికి బిరడాను అమర్చినది ఇందుకే. చేప గట్టిగా లాగినప్పుడు చక్రము జారి తాడును విడుచును. ఈ బిరడాను తాడు తెగు బలములో సుమారు మూడవవంతుకు బిగింతురు. ఆ మిగులు ఎందుకో లెక్క వేసి చూడవచ్చును. తాడు నిండుగా నున్నప్పుడు చుట్ట వ్యాసార్ధము 6 సెంటిమీటర్లు, బిరడా 10 కిలోల బలమునకు జారుననుకొందము. తాడు చాలవరకు పోయి వ్యాసార్ధము 3 సెంటిమీటర్లైనచో, బిరడా నెవరును ముట్టకున్నను, దానిని జార్చుటకు 20 కిలోల బలము కావలెను. భ్రామకము మారలేదు, భుజము సగమైనది. నూరుమీటర్ల తాడును నీరు పట్టి లాగుట దీనికి అదనము.

చేతితాడుతో వేటాడు మత్స్యకారునకు చక్రము లేదు, బిరడా లేదు. అతని అరచేయియే బిరడా. ఇచటనే ప్రాణాపాయము కలదు. పొగరుబోతు కోడెను పలుపుతో పట్టి నిలుపుట అసాధ్యము. ఆ పలుపును పాతిన గుంజకు రెండు చుట్లు త్రిప్పి కొస పట్టుకొన్నచో బాలుడైనను నిలుపగలడు. ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, ఒక చుట్టు బలమును సుమారు ఆరున్నర రెట్లు, రెండు చుట్లు 43 రెట్లు, మూడు చుట్లు 280 రెట్లకు మించి అడ్డగించును. చుట్లు కూడుచుండగా బలము గుణించుకొనుచు పోవును. గుంజకు చుట్టిన తాడు రక్షించును; అదే తాడు చేతికో కాలికో మెలికపడినప్పుడు, ఈ లెక్కయే తారుమారై, విడిపించుకొనుటకు వీలులేని ఉచ్చగును. చేప ఎంత లాగిన ఉచ్చు అంత బిగియును. 2025 జూలైలో పూడిమడకనుండి నలుగురు వెళ్లిన పడవలో, గాలమునకు చిక్కిన పెద్ద కొమ్ముకోనాము ఒక యువకుని తాడుతోపాటు సముద్రములోనికి లాగుకొనిపోయెను. కొమ్ముకోనాము సూర కాదు, వేరు కుటుంబము; బలమున మాత్రము దానికి తీసిపోదు. తాడు కాళ్లవద్ద కుప్పపడకుండ బుట్టలో చుట్టి యుంచుట, చేతికి ఎన్నడును చుట్టుకొనకుండుట, కత్తిని చేతికందునట్లు పెట్టుకొనుట అను అలవాట్లు చాదస్తములు కావు.

గాలమున పడినపుడు సూర తెల్లకండరముతో పోరాడును. ఈ కండరము ప్రాణవాయువు చాలకున్నను, నిలువయున్న పిండిపదార్థమును విరిచి శక్తిని పొందును. కాని లాక్టికామ్లము ప్రోగుపడును. అద్భుతజాలము వేడిని బయటకు పోనీయదు గదా! ప్రతిదినము మేలుచేయు ఉపాయమే ఇప్పుడు కీడగును. శరీరము మరింత వేడెక్కి, ఆమ్లము హెచ్చి, మాంసము పాలిపోయి మెత్తబడి ఉడికినట్లగును. పచ్చిచేపను తిను జపానువారు అట్టి మాంసమునకు మంచి ధర ఇయ్యరు. గంటలకొద్ది పోరాడితినని అద్దెపడవవాడు చెప్పుకొను గొప్ప, అమ్ముకొనువానికి నష్టము.

చచ్చిన తరువాతను తొందర తీరదు. సూర మాంసములో హిస్టిడిన్ అను పదార్థము మెండు. వేడిగా నున్నచో సూక్ష్మజీవులు దానిని హిస్టమిన్‌గా మార్చును. తిన్నవారికి ముఖము ఎర్రబారుట, దద్దుర్లు, తలనొప్పి కలుగును. ఎంత ఉడికించినను హిస్టమిన్ నశింపదు. పైన మంచు కప్పినంతమాత్రమున 50 కిలోల చేప నడిభాగము చల్లబడుటకు చాల గంటలు పట్టును. కావున ఒడ్డు చేరువరకు ఆగక, పడవలోనే నెత్తురు కార్చి, మొప్పలను, ప్రేగులను తీసివేసి, ఖాళీయైన పొట్టలో పొడిచేసిన మంచును కూరుదురు.